చిత్రకథలయందు స్త్రీల కర్తృత్వము

ప్రాచీనగ్రంథముల కర్తృత్వమును నిర్ణయించుట మన పరిశోధకులకు చిరపరిచితమైన పని. క్రీడాభిరామము వల్లభరాయనిదా, శ్రీనాథునిదా యను వాదము ఎన్ని వ్యాసములను పుట్టించినదో పాఠకు లెఱుఁగుదురు. గ్రంథమందలి పేరు, శైలి, సమకాలికుల సాక్ష్యము, లేఖకుల ప్రమాదములు మున్నగువాని నన్నిటిని తూఁచి చూచిన పిమ్మటఁగాని మనవారు ఒక కృతిని ఒక కవి కియ్యరు. ఈ జాగరూకత తాళపత్రములకే కాదు, నిన్న మొన్న అచ్చుపడిన పుస్తకములకును ఆవశ్యకమని చూపుట యీ వ్యాసముయొక్క యుద్దేశము. ఇందులకు నేను గైకొన్న విషయము పండితులకు కొంత తేలికగాఁ దోఁపవచ్చును. అది కామిక్సులని లోకము పిలుచు చిత్రకథల చరిత్రము. అందును స్త్రీలు చిత్రించిన భాగము.

ఫ్రాన్సుదేశమున అంగులేం పట్టణమందు 1974లో చిత్రకథోత్సవ మొకటి ఆరంభమయ్యెను. యావజ్జీవకృషికిఁగాను ఒక చిత్రకారునకు మహాపురస్కార మొసఁగుట అందలి ముఖ్యవిధి. 2016లో జరిగిన 43వ యుత్సవమునకై ముప్పది పేర్ల జాబితా ప్రకటింపఁబడఁగా, అందు ఒక్క స్త్రీ పేరైనను లేదు. అంతకుముందు ఆ మహాపురస్కారమును పొందిన స్త్రీ ఫ్లోరెన్సు సెస్టాకు ఒక్కరే, అదియు 2000లో. జాబితాలోనున్న పురుషులే పలువురు తమ పేర్లను తీసివేయుఁడని కోరిరి. నిర్వాహకులు మొదట చెప్పిన సమాధాన మేమనఁగా, చిత్రకథల చరిత్రమున స్త్రీలు అరుదు. అది తాము కల్పించినది కాదు, ఉన్న సత్యము, అని. తుదకు జాబితాయే రద్దయి, యెన్నిక ఓటు గల చిత్రకారుల యిష్టమునకు విడువఁబడెను.

జాబితా పోయినది కాని సమాధానము పోలేదు. చరిత్రమున స్త్రీలు అరుదను ఆ మాటనే నేనిచ్చట పూర్వపక్షముగా గ్రహించుచున్నాను. అది సత్యమా? కొంత సత్యమైనచో, ఆ యరుదుతనము పనిచేసినవారి సంఖ్యలో నున్నదా, లేక పనిని లెక్కించిన పద్ధతిలో నున్నదా? ఈ రెండు ప్రశ్నలను విడఁదీసి విచారింపవలయును. వీనిని కలిపివేయుటచేతనే పూర్వపక్షమునకు బలము కలిగినది.

ముందుగా ఈ కళయొక్క నిర్మాణమును చెప్పవలసియున్నది. 1930వ దశాబ్దమున న్యూయార్కు నగరమునఁ బుట్టిన కామిక్సు పుస్తకముల పరిశ్రమ చాలవఱకు కర్మాగారపు పద్ధతిని నడచినది. ఒకరు కథను వ్రాయుదురు. ఒకరు పెన్సిలుతో బొమ్మలు గీయుదురు. వేఱొకరు వానిపై సిరారేఖలు దిద్దుదురు. ఇంకొకరు సంభాషణల యక్షరములను లిఖింతురు. మఱియొకరు రంగులను నిర్ణయింతురు. పుటపై చాలకాలము వీరిలో ననేకుల పేర్లు లేవు. ఈ యనామకత్వము పురుషులను గూడ బాధించినదే. కాని తరువాతివారు ఆ పేర్లను వెదకి అతికించునపుడు అనుసరించిన పద్ధతి స్త్రీలకు విశేషనష్టమును కలిగించినది. ఆ నష్టము మూఁడు త్రోవల వచ్చినదని నాకుఁ దోఁచుచున్నది. సహచరుని పేరిలో స్త్రీ పేరు కలిసిపోవుట యొకటి. స్త్రీ తన పేరును తానే మఱుఁగుపఱచుకొనవలసివచ్చుట రెండవది. స్త్రీలు విశేషముగాఁ జేసిన పనిని కర్తృత్వముగా నెంచకపోవుట మూఁడవది.

మొదటిదానికి ఉదాహరణము కామిక్సు పుస్తకములకంటె పూర్వమే కలదు. లండను నగరమునందలి 'జూడీ' యను హాస్యపత్రికలో 1867లో ఆలీ స్లోపరను పాత్ర పుట్టెను. అద్దె వసూలుచేయువాఁడు వచ్చునప్పటికి సందులోనుండి జాఱుకొనువాఁడని ఆ పేరునకు భావము. పెద్ద ముక్కు, నలిగిన టోపీ, ఎప్పటికిని ఫలింపని కుయుక్తులు వాని లక్షణములు. వానిని మొదట కల్పించినవాఁడు చార్లెసు హెన్రీ రాసు. 1869 మొదలుకొని వానిని చిత్రించి పెంచినది మేరీ డ్యువాలు. ఆమె యసలు పేరు ఇసబెల్ ఎమిలీ ద తెస్సియే (1847-1890). ఆమె రాసుయొక్క సహచరి, రంగస్థలమున నటి. ఆ బొమ్మలను చూచినవారికి నాటకశాల స్మరణకు రాక మానదు. పాత్రలు క్రిందపడుట, ఎగిరిపోవుట, ఒడలు సాగుట, ఒకరిపై నొకరు దొరలుట మొదలగునవన్నియు ప్రహసననటుల శరీరాభినయమునుండి వచ్చినవి. శిక్షణపొందిన చిత్రకారుని నిండుఁదనము ఆ గీఁతలో లేదు; ఆ లోపమునే ఆమె గుణముగా మార్చుకొన్నది. గీఁత తొందరపడుటచేతనే పాత్రయు తొందరపడుచున్నట్లు కనఁబడును.

ఇట్టి కృషి చాలకాలము రాసు పేరనే లెక్కకు వచ్చెను. 1884లో స్లోపరు పేరిట ప్రత్యేక వారపత్రిక వెలువడి, వేఱు చిత్రకారుని చేతిలో వాఁడు ప్రసిద్ధిలోకి వచ్చినపుడు, నడుమనున్న డ్యువాలు మఱింత మఱుఁగుపడెను. మొదట కల్పించినవానిని, తుదను కీర్తితెచ్చినవానిని స్మరించుచు నడుమ పెంచినవారిని మఱచుట చరిత్రకారులకు సామాన్యమైన దోషము. పత్రికలను పుటపుటయుఁ దిరుగవేసి ఆమె చిత్రములను వేఱుపఱచిన పిమ్మటఁగాని, 2016లో ఆమె రచనల సంగ్రహ మొకటి సర్వజనులకు అందుబాటులోనికి రాలేదు. అంగులేం నిర్వాహకులు స్త్రీలు అరుదని చెప్పిన సంవత్సరమును అదియే యగుట గమనింపఁదగినది.

రెండవ త్రోవ పేర్ల మార్పు. డాలియా మెసిక్కు అను నామె పత్రికలవారు స్త్రీపేరును చూచి బొమ్మలను త్రోసిపుచ్చుచున్నారని గ్రహించి, డేల్ అను స్త్రీపురుషసాధారణమైన పేరును ధరించెను. 1940 జూను 30వ తేదిని ఆమె 'బ్రెండా స్టార్' ప్రారంభమయ్యెను. నాయిక వార్తాపత్రికా విలేఖరి. నలువది సంవత్సరములు, అనఁగా 1980 వఱకును, ఆమె దానిని నడపెను. అట్లే జూను మిల్సు అను నామె తన మధ్యనామమును ముందునకుఁ దెచ్చి టార్పే మిల్సయ్యెను. ఆమె 'మిస్ ఫ్యూరీ' 1941 ఏప్రిలు 6వ తేదిని ఆదివారపు పత్రికలలో మొదలయ్యెను. ముసుఁగు ధరించి దుష్టులతోఁ బోరాడు నాయికలలో లోకమంతయు నెఱిఁగినది వండర్ ఉమన్. ఆమె కొన్ని నెలల తరువాతఁగాని పుట్టలేదు. ఆమెను కల్పించినవాఁడును తొలుత చిత్రించినవాఁడును పురుషులే. ఆ మీఁదటి కథలలోఁ గూడ ఒక విశేషము కలదు. 1944 మొదలు 1947 వఱకు వండర్ ఉమన్ కథలు డెబ్బదికి పైగా వ్రాసినది జాయ్ హమ్మెలు అను యువతి. కాని అవి చార్లెసు మౌల్టను అను కల్పితపురుషుని పేరనే అచ్చయ్యెను. మెసిక్కు, మిల్సు తమ పేర్లను తామే దాఁచుకొనిరి. హమ్మెలు పేరును ముద్రాపకుల యాచారము దాఁచినది. ఫలము మాత్రము ఒక్కటియే.

లిలీ రెనే చరితము దీనికంటె విచిత్రమైనది. 1921లో వియెన్నా నగరమున పుట్టిన ఈ యూదుబాలిక నాజీలనుండి తప్పించుకొని 1939లో పిల్లల రైళ్లలో ఇంగ్లండునకుఁ జేరెను. పిమ్మట అమెరికాలో తల్లిదండ్రులను కలిసికొని, 1942లో ఒక ప్రకటనను చూచి ఫిక్షన్ హౌస్ అను ముద్రాపకసంస్థలో చిత్రకారిణిగాఁ బ్రవేశించెను. 'సెన్యోరీటా రియో' యను గూఢచారిణి కథలను ఇతరులనుండి గైకొని తనవిగాఁ జేసికొనెను. నాయిక నాజీలను మోసగించుచుండఁగా చిత్రకారిణికి అది వట్టి కల్పన కాదు. తాను విడిచివచ్చిన నగరమును పట్టుకొన్నవారితో పుటపై చేసిన పోరాటమది. ఆమె సంతకము 'ఎల్. రెనే' అని మాత్రమే యుండుటచేత పాఠకులు ఆమెను పురుషుఁడనుకొని 'మిస్టర్ రెనే' యని లేఖలు వ్రాయుచుండిరి.

ఈ లేఖలలో కర్తృత్వవిమర్శకు ముఖ్యమైన పాఠ మొకటి కలదు. వేలకొలఁది పాఠకులు నెలనెలయు ఆ బొమ్మలను చూచిరి. చేతిని గుర్తుపట్టిరి, మెచ్చుకొనిరి. అయినను అది స్త్రీచేయి యని గుర్తింపలేదు. కావున గీఁతలోని కోమలత్వమును బట్టియో, అలంకారబాహుళ్యమును బట్టియో స్త్రీకర్తృత్వమును ఊహించుట నిరాధారము. శైలి ఒక చేతిని మఱియొక చేతినుండి వేఱుచేయఁగలదు. ఆ చేయి స్త్రీదో పురుషునిదో చెప్పఁజాలదు. అందుకు బాహ్యసాక్ష్యమే శరణ్యము: సంతకములు, కార్యాలయపు లెక్కలు, ఉత్తరములు, జీవించియున్నవారి వాఙ్మూలములు. స్త్రీలకు న్యాయము చేయఁబూనిన పరిశోధకులు సయితము ఈ నియమమును దాఁటరాదు. దాఁటినచో పూర్వపక్షపు దోషమునే వేఱురూపమున మనము చేసినవార మగుదుము.

మూఁడవ త్రోవ అన్నిటికంటె సూక్ష్మము. నా యభిప్రాయమున అన్నిటికంటె బలీయము. విష్ణుధర్మోత్తరమునందలి చిత్రసూత్రమున రుచిభేదమును చెప్పు శ్లోక మొకటి కలదు. ఆచార్యులు రేఖను ప్రశంసింతురనియు, నిపుణులు వర్తనను, అనఁగా నీడవెలుఁగుల కూర్పును, ప్రశంసింతురనియు, స్త్రీలు భూషణమును కోరుదురనియు, తక్కిన జనులు వర్ణసమృద్ధిని కోరుదురనియు దాని తాత్పర్యము. శ్లోకము చూచువారిని గుఱించినదే కాని చేయువారిని గుఱించినది కాదు. న్యూయార్కు ముద్రాపకులు దానిని చదివియుండరు. అయినను వారి పరిశ్రమ ఇంచుమించుగా ఈ తారతమ్యమునే పాటించి, దానిని చేయువారికిఁ గూడ అన్వయించినది. పెన్సిలురేఖ గీసినవాఁడు చిత్రకారుఁడు. రంగు నిర్ణయించినవారు పనివారు. వేషభూషలు కథకు బయటివి. పేర్లు అచ్చుపడ నారంభించినప్పుడును కథకుని పేరు, రేఖలు గీసినవారి పేర్లు, అక్షరలేఖకుని పేరు ముందుగా వచ్చెను. వర్ణయోజకుల పేర్లు నియతముగా అచ్చగుట 1970వ దశాబ్దమునఁగాని లేదు.

భూషణము కథకు బయటిదా యని మొదట చూతము. 'మిస్ ఫ్యూరీ' నాయిక మార్లా డ్రేకు ధనికకుటుంబపు యువతి. ఆమెకు సంక్రమించిన నల్లచిఱుత చర్మము ఆమె ముసుఁగువేషము. కాని ఆమె ఆ వేషమున కనఁబడు సందర్భములు స్వల్పము. ఎక్కువభాగము ఆమె పగటి యుడుపులతో, విందుల యుడుపులతో, ప్రయాణపు యుడుపులతోనే అపాయముల నెదుర్కొనును. మిల్సు ప్రతి వస్త్రమును కుట్టుతో సహా చిత్రించినది. అది వేడుకకు కాదు. మార్లా యొక్క వర్గమును, ఆమె యుద్దేశమును, ఆమె అప్పు డెవరిని నమ్మించఁబూనినదో దానిని చెప్పునవి ఆ యుడుపులే. ప్రతినాయిక ఎరికా ఫాన్ కాంఫ్ నుదుటిపై స్వస్తికపు వాఁతను ముంగురులతోఁ గప్పుకొనును. ఆ కేశాలంకారము ఒక్కటియే ఆమె చరిత్రమంతయుఁ జెప్పుచున్నది. ఇట్టిచోట భూషణమును తీసివేసిన కథ మిగులదు. మన ప్రబంధములయందు నాయికావర్ణన కథకు అంగమగునో కాదో విచారించిన పండితులకు ఈ విషయమును విస్తరించి చెప్పనక్కఱలేదు.

జాకీ ఓర్మ్సు (1911-1985) ఇంకొక నిదర్శనము. అమెరికాయందలి నల్లజాతి స్త్రీలలో ప్రథమచిత్రకథకురాలని ఆమెకుఁ బ్రసిద్ధి. 1937-38లో 'పిట్స్‌బర్గ్ కూరియర్' అను నల్లజాతివారి పత్రికలో ఆమె టార్చీ బ్రౌను అను పల్లెపిల్ల కథను నడపెను. 1950-54లో అదే నాయికను రంగులపుటలలో మరల తెచ్చి, ప్రక్కనే కత్తిరించుకొనఁదగిన బొమ్మయుడుపులను అచ్చు వేయించెను. తక్కిన పత్రికలలో నల్లజాతి స్త్రీని పరిహాసవస్తువుగానో దాసిగానో చిత్రించు నాళ్లవి. ఆ నాళ్లలో ఒక నల్లపిల్ల తనవంటి నాయికకు చక్కని చీటియుడుపులను తొడిగి యాడుకొనుట యెంతమాత్రము అల్పవిషయము కాదు. ఆ కథ తుదిభాగమున టార్చీ ఒక రసాయన కర్మాగారపు విషముతోను, జాతిద్వేషముతోను పోరాడును. భూషణమును కోరిన చేయియే ఈ గంభీరవిషయమునుఁ జేపట్టినది. రెంటికిని విరోధము లేదు.

ఇఁక వర్ణము. మేరీ సెవరిను (1929-2018) ఈ.సీ. కామిక్సు సంస్థలో 1950వ దశాబ్దపు తొలినాళ్లలో వర్ణయోజకురాలు. ఆ కాలపు రంగుల విధానమును తెలిసికొన్నఁగాని ఆమె పనియొక్క విలువ తెలియదు. చిత్రకథల ముద్రణమునకు నలుపు గాక మూఁడే సిరాలు: పసుపు, ఎఱుపు, నీలము. ఒక్కొక్కదానిని అసలు లేకుండ, నాలవవంతు, సగము, పూర్తిగా నని నాలుగు పాళ్లలో వాడవచ్చును. వీని కూర్పుచే అఱువదినాలుగు వర్ణములు మాత్రమే సిద్ధించును. గరుకుకాగితముపై, ఈ యఱువదినాలుగింటితో, పగలు రాత్రి, మంచు రక్తము, భయము శాంతి తెలుపవలయును. సెవరిను భయానకకథలలో ఒక గడి నంతయు ఒకే రంగున ముంచుచుండెను. సున్నితహృదయముచే ఘోరదృశ్యములను కప్పిపుచ్చుచున్నదని కొంద రనుకొనిరి. బొమ్మ బలమును తగ్గించుట తన యుద్దేశము కాదని ఆమెయే తరువాత చెప్పెను. ఆ పుటలు ఆమె మాటనే సమర్థించుచున్నవి. పలురంగుల గడుల నడుమ ఏకవర్ణమైన గడి వచ్చినపుడు చూపు అచ్చట నిలుచును, కాలము ఆఁగినట్లగును. దాఁచుటకు కాదు, నిలుపుటకు చేసిన పని యది. రసమును పోషించునది కర్తృత్వము కాదనుట యెట్లు?

సెవరిను కొంతకాలమునకు మార్వెలు సంస్థలో చేరి 'డాక్టర్ స్ట్రేంజ్', 'హల్క్' మున్నగువానిని తానే గీసెను. వ్యంగ్యచిత్రములందు ఆమెకు సాటివారు కొద్దిమందియే. కాని ఆమె పేరైనను నిలిచినది. ఆమె నిర్ణయించిన రంగులను ముద్రణఫలకములకై విడఁదీయు పని కనెక్టికట్ రాష్ట్రమందలి బ్రిడ్జ్‌పోర్టు పట్టణమున జరుగుచుండెను. ఒక్కొక్క పుటకు ఒక్కొక్క సిరాపాలునకు వేఱువేఱుగా చేతితో పూఁత పూయవలయును. ఆ పనివారిలో హెచ్చుమంది స్త్రీలు. ఆ కాలమున అమెరికాపిల్లలు చదివిన రంగుల కథలలో చాలభాగము వీరి చేతిమీఁదుగా వెడలినదే. వీరి పేర్లు ఏ పుటపైనను లేవు. వీరు చిత్రకర్తలని నేను వాదింపను. కాని తాళపత్రగ్రంథముల పీఠికలలో మనము లేఖకుని పేరును స్మరింతుము గదా. ఆపాటి స్మరణ వీరికిని చెల్లును.

రేఖయే ప్రమాణమని పట్టుపట్టువారికి గూడ సమాధానము లేకపోలేదు. రమోనా ఫ్రాడను (1926-2024) 1951 మొదలు ఒక దశాబ్దము 'ఆక్వామాన్' కథలను చిత్రించెను. తరువాత కథకుఁడు బాబ్ హేనీతోఁ గూడి 'మెటమోర్ఫో' యను పాత్రను సృష్టించెను. ఆ పాత్ర దేహము లోహముగాను, వాయువుగాను, ద్రవముగాను క్షణక్షణము మాఱును. ఆ కథలలోని మాఱుపాటునకు తగిన ప్రవాహశీలమగు రేఖ, భీకరత్వముతో హాస్యమును మేళవించు నేర్పు ఫ్రాడనువి. 1980లో మెసిక్కు చేతినుండి 'బ్రెండా స్టార్' చిత్రణము ఆమెకే సంక్రమించెను; పదునైదేండ్లు ఆమె దానిని చిత్రించెను. ఒక స్త్రీ ఆరంభించిన కథను మఱియొక స్త్రీ కొనసాగించుటచే శిష్యపరంపర వంటిది ఒకటి యేర్పడినది. పరంపర యుండఁగా అరుదనుట యుక్తము కాదు.

ఇంతవఱకును పూర్వపక్షమును ఖండించితిని. ఇఁక దానియందలి సత్యాంశమును ఒప్పుకొనవలయును. 1942-45 సంవత్సరములలో పురుషులు యుద్ధమునకుఁ బోవుటచే కామిక్సు కార్యాలయములలో స్త్రీలకు చోటు విరివిగా దొరకినది. యుద్ధానంతరమున పురుషులు తిరిగివచ్చిరి, చోటు కుదించుకొనిపోయెను. 1954లో వచ్చిన నియమావళి మూలమునను, పుస్తకముల యమ్మకము తగ్గుటవలనను పరిశ్రమయే క్షీణించెను. 1960వ దశాబ్దమున అమెరికాలో మహావీరుల కథలను గీయు స్త్రీలను లెక్కింపఁబోయిన, సెవరిను, ఫ్రాడను దాఁటి ముందుకుఁ బోవుట కష్టము. కావున ఆ కాలమున, ఆ దేశమున, ఆ శాఖయందు స్త్రీలు నిజముగానే అరుదు. దోష మేమనఁగా, ఒక కాలమునకును ఒక శాఖకును చెందిన యీ సత్యమును చిత్రకథాచరిత్ర మంతటికిని వ్యాపింపఁజేయుట. తర్కమున దీనిని అతివ్యాప్తి యందురు.

చోటు దొరకినచో నేమగునో జపానుదేశము చూపినది. హసెగావా మాచికో 1946లో ఆరంభించిన 'సజాయె-సాన్' అను గృహస్థజీవిత చిత్రకథ 1974 వఱకు సాగి, ఆఱువేలకు పైఁబడిన భాగములుగా విస్తరించినది. ఆమె తన సోదరితోఁ గూడి ముద్రాపకసంస్థను స్థాపించి పుస్తకములను తానే ప్రకటించుకొనెను. బాలికల పత్రికలలో మొదట పురుషులే విశేషముగా గీయుచుండిరి. 1970వ దశాబ్దపు ఆరంభమున ఆ పత్రికలు యువతులకు ద్వారము తెఱవఁగా, హాగియో మోటో, తాకెమియా కెయికో, ఓషిమా యుమికో మున్నగువారు వచ్చిరి. వారు 1949 ప్రాంతమున పుట్టినవారగుటచే, జపాను గణనమున షోవా 24వ యేఁటి వర్గమని వారికి పేరు వచ్చెను. గడుల సరిహద్దులను చెఱిపి, ఒక గడిలోని భావము మఱియొక గడిలోనికి ప్రవహించునట్లు పుటను కూర్చుట వారు పెంపొందించిన మార్గము. హాగియో మోటో 1974లో రచించిన 'థామస్ హృదయము' అందు ప్రసిద్ధము. పదియేండ్లలో ఒక శాఖ యంతయు స్త్రీలదైనది. స్వభావమున లేని ప్రతిభ పదియేండ్లలో మొలవదు. ద్వారము మూసియుండుటయే అరుదునకు హేతువని దీనివలన తేలుచున్నది.

మఱియొక నిదర్శనము. కథ, రేఖ, అక్షరము అన్నియు ఒకే చేతినుండి వచ్చు పుస్తకములు ఇటీవలి దశాబ్దములలో ప్రబలినవి. ఇరానులో పెరిగిన మర్జాన్ సత్రపీ 'పెర్సెపొలిస్' (2000-2003), అమెరికాయందు ఆలిసన్ బెక్‌డెలు 'ఫన్ హోమ్' (2006) ఇట్టివి. మనదేశమున అమృతా పాటీలు 2012లో ప్రకటించిన 'ఆదిపర్వ' భారతకథను గంగాదేవి నోట చెప్పించినది. ఇట్టి గ్రంథములు రాఁగానే ప్రపంచము స్త్రీకర్తలను వెంటనే గుర్తించినది. అకస్మాత్తుగా స్త్రీలలో ప్రతిభ హెచ్చినదనుట హాస్యాస్పదము. పనివిభజన లేనిచోట కర్తృత్వమును కాఁజేయుటకును మఱచుటకును వీలు లేదు, అదియే కారణము. అంగులేం మహాపురస్కారము సయితము 2019లో తకహాషి రుమికోకును, 2022లో జూలీ డూసేకును, 2024లో పోజీ సిమండ్సునకును, 2025లో అనూక్ రికారునకును లభించెను. చరిత్రము మాఱలేదు, వెదకిన కన్నులు మాఱినవి.

ఆ కన్నులకు ముందుగా అంజనము వేసినది ట్రినా రాబిన్సు (1938-2024). ఆమెయు చిత్రకారిణియే. 1970లో స్త్రీలే చిత్రించిన తొలి కామిక్సు పుస్తకమును వెలువరించెను. 1985లో కాథరిన్ ఇరోన్‌వోడ్‌తోఁ గలిసి స్త్రీ చిత్రకథకుల చరిత్రమును వ్రాసి, అటుపిమ్మట జీవితాంతము ఆ పనినే చేసెను. పాత పత్రికలను కూడఁబెట్టుట, సంతకములను పోల్చుట, జీవించియున్న వృద్ధచిత్రకారిణుల నడిగి వ్రాసికొనుట ఆమె మార్గము. పలుదశాబ్దములు మఱుఁగుపడియున్న లిలీ రెనేను వెలుఁగులోనికిఁ దెచ్చి, 2011లో ఆమె జీవితమును చిత్రకథగా రచించినదియు రాబిన్సే. పక్షపాతముతో వ్రాసినదని ఆమెను ఆక్షేపించువారు ఉండవచ్చును. పక్షము వేఱు, సాక్ష్యము వేఱు. ఆమె చూపిన సంతకములు చెఱిగిపోవునవి కావు.

ఈ విషయమున తొందర యేల యని ఎవరైన ప్రశ్నింపవచ్చును. జాయ్ హమ్మెలు 2021లోను, నూఱేండ్లు దాఁటిన లిలీ రెనే 2022లోను, ఫ్రాడను, రాబిన్సు 2024లోను దివంగతులైరి. నోటిసాక్ష్యము చెప్పఁగల తరము ఇంచుమించు ముగిసినది. ఇఁక మిగిలినది కాగితము. అది కూడ నాసిరకపు కాగితము. వర్షమునకు ఆఁగదు, వెలుఁగునకు ఆఁగదు. గ్రంథాలయములలో జాబితాలు వ్రాయువారు చిత్రకథకు ఒక్క పేరు వ్రాసి సరిపెట్టుకొన్నచో, నేఁటి యజాగ్రత్తయే ఱేపటి చరిత్రసత్య మగును. కథ, పెన్సిలురేఖ, సిరారేఖ, అక్షరము, వర్ణము అను నైదింటికిని వేఱువేఱుగా పేరును, పేరు తెలియనిచోట తెలియదను మాటను వ్రాసి యుంచుట కనీసధర్మము. ఖాళీగా విడిచిన చోటు ఎవరు నింపినను నిండును. తెలియదని వ్రాసిన చోటు నింపుటకు సాక్ష్యము కావలయును.

స్త్రీలు అరుదను వాక్యమును ఇఁక ఎవరు పలికినను, ఏ కాలమున, ఏ దేశమున, ఏ పనియందు, ఎవరి లెక్క ప్రకారమని అడుగవలసినదిగా నా మనవి. అట్లు అడిగిన పిమ్మటఁ గూడ ఆ వాక్యము నిలిచినచోట ఒప్పుకొందము. పైని చూపినట్లు అట్టిచోట్లు లేకపోలేదు. నిలువనిచోట దిద్దుకొందము. నేను గైకొన్న నిదర్శనములలో పొరపాటులున్నచో విజ్ఞులు సాక్ష్యముతోఁ జూపి సవరింతురుగాక.